నీలిచేతి తాతగారు

పూర్వీకులు లేకుండా పుట్టడం తప్పు కాదు గాని, పూర్వీకులు లేకుండా మూడంతస్తుల ఇల్లు కట్టడం మాత్రం క్షమించరాని నేరం! ఇది ఏ చట్టంలోనూ రాసి లేదు. నరసరావుపేటలో గృహప్రవేశం భోజనం చేసి వచ్చిన ఎవరిని అడిగినా చెబుతారు. హాల్లో అడుగుపెట్టగానే ఎదురుగోడ మీద ఎవరో ఒక పెద్దాయన మనల్ని పైనుంచి కిందికి చూడాలి. ఫొటో అయితే చాలదు. ఫొటో ఆధార్ కార్డు మీద కూడా ఉంటుంది. తైలవర్ణ చిత్రం కావాలి. అందులో పెద్దాయనకి మీసం ఉండాలి, ఒంటిమీద ఖరీదైన గుడ్డ ఉండాలి, ముఖంలో మనం అప్పు అడగడానికి వచ్చామన్న అనుమానం ఉండాలి!

అలాంటి ఒక పెద్దాయన్ని తయారుచేసిన పాపం నాది. నా పేరు ఇక్బాల్. ముప్పై ఏళ్ళు బోర్డులు రాశాను. మాచర్ల బస్సుల నుదుటి మీద ఊళ్ళ పేర్లు, ఫ్యాన్సీ షాపుల మీద నీడ తేలిన అక్షరాలు, ఎరువుల కొట్టు గోడ మీద మనిషెత్తు మిరపకాయ, అన్నీ నా చేతివే. తర్వాత ఫ్లెక్సీ మిషన్ వచ్చింది. అది అరగంటలో చేసే పనిని నేను నాలుగు రోజులు చేస్తానని తెలిశాక నా మీద ఎవరికీ గౌరవం మిగల్లేదు. యాభై రెండో ఏట, ఇంట్లో కూర్చుంటే మా ఆవిడ ముంతాజ్ కూరగాయలు తరగమంటోందని, తైలవర్ణ చిత్రలేఖనం నేర్చుకోవడానికి శౌరి మాస్టారి దగ్గర చేరాను.

శౌరి మాస్టారు ఫిరంగిపురం మనిషి. చర్చిల్లో రంగు వెలిసిన పునీతులకి ప్రాణం పోసి పోసి చెయ్యి తిరిగినవాడు. ఆదివారం ప్రార్థన అయ్యాక మధ్యాహ్నం క్లాసు. ఆయన పద్ధతి ఒక్కటే. ఎవరు చేరినా, కలెక్టర్ చేరినా సరే, ముందు ఒకే బొమ్మని కాపీ చెయ్యాలి. ఇటలీలో ఐదు వందల ఏళ్ళ కిందట టిషియన్ అనే మహానుభావుడు గీసిన బొమ్మ అది. ఒక గడ్డం పెద్దమనిషి రాతి గట్టు మీద చెయ్యి ఆనించి, భుజం మీదుగా మనవైపు చూస్తుంటాడు. ఆ చేతికి నీలిరంగు పట్టు చొక్కా. చొక్కా చెయ్యే సగం బొమ్మ! బొంతలాగా కుట్లు కుట్లుగా ఉబ్బి, మనిషికంటే ముందు అదే మనల్ని పలకరిస్తుంది.

"సొంత తెలివి ఇంటికాడ పెట్టి రా ఇక్బాలూ," అన్నారు మాస్టారు మొదటి రోజే. "ఆయన ఏ గీత ఎక్కడ గీశాడో నువ్వూ ఆడే గియ్యి. ఆయన పడ్డ అవస్థంతా అంగుళం అంగుళం నువ్వూ పడాల. అప్పుడు గాని కన్ను తెరుచుకోదు."

అవస్థ అంటే ఏమిటో అప్పుడు తెలిసింది! అచ్చుబొమ్మ మీద గళ్ళు, కాన్వాసు మీద గళ్ళు. గడికి గడి ఎక్కించాక ముఖానికి ముందుగా ఆకుపచ్చ పూయాలి. ఆ పాత మాస్టర్ల కాలంలో మనిషి చర్మం కింద ఆకుపచ్చ పొర వేసేవారట. దానిమీద గులాబీ, తెలుపు పల్చగా పడితే రక్తం పారుతున్నట్టు కనిపిస్తుందట. పొర పొరకీ మధ్య వారం ఆరాలి. ఆ వారంలోనే ముంతాజ్ చూసింది.

"ఏందయ్యా ఈ మనిషి? కామెర్లు బాగా ముదిరినయ్యే! ఎవరికన్నా చెప్పి పసరు పోయించకూడదా?"

ముక్కు దగ్గర నేను ఇంకో ఘనకార్యం చేశాను. ముప్పై ఏళ్ళ అలవాటు ఊరుకోదు గదా! ముక్కు చుట్టూ నల్లగా గీత గీసి, కుడివైపు నీడ తేల్చాను. మాస్టారు చాలాసేపు చూశారు.

"చానా బాగుంది. దీని కింద ఫోన్ నెంబర్ కూడా రాయి," అన్నారు.

చెరిపాను. మళ్ళీ వేశాను. ఒక్క చొక్కా చేతికే పదకొండు వారాలు పట్టింది. చివరికి ఒక ఆదివారం ఆ పెద్దమనిషి కాన్వాసులోంచి నన్ను చూశాడు. నిజంగా చూశాడు! నాకు కళ్ళు తడిశాయి. బోర్డు రాసిన ప్రతిసారీ మూలన "ఇక్బాల్ ఆర్ట్స్" అని సంతకం పెట్టుకున్నవాణ్ణి, దీనిమీద పెట్టకపోతే ఎలా? అయితే వార్నిష్ పడేదాకా ఆగమన్నారు మాస్టారు. ఆగడమే నేను చేసిన తప్పు.

ఆ వారంలోనే పుల్లారావుగారు మా ఇంటికి వచ్చారు. పుల్లారావుగారికి మిరపకాయల కోల్డ్ స్టోరేజీ ఉంది. కొత్తగా మూడంతస్తుల ఇల్లు కట్టారు. గేటు పక్కన గ్రానైట్ రాయి మీద ఇంటిపేరు రాయించుకోవడానికి వచ్చినవారు, గోడకి ఆనించిన బొమ్మని చూసి నిలబడిపోయారు.

"ఎవరయ్యా ఈయన?"

"ఇటలీ ఆయనండీ. ఐదు వందల ఏళ్ళయింది."

"పేరేంది?"

"ఖాయంగా లండన్ మ్యూజియం వాళ్ళకే తెలీదంటండీ. ఆయనంటారు, ఈయనంటారు, తేల్లేదు."

"అంటే నా అన్నవాళ్ళెవరూ లేరా?"

"తెలిసినంతలో లేరండీ."

పుల్లారావుగారి ముఖం మెత్తబడింది. "పాపం, దిక్కులేని మనిషి! నరసరావుపేటలో ఎవరికన్నా తెలుసా?"

"ఎవరికీ తెలీదండీ."

"అయితే మా తాత!" అన్నారు పుల్లారావుగారు.

ఆయన తొందరకి కారణం ఉంది. వాళ్ళ అమ్మాయి ఇంద్రజ గురజాలలో పశువుల డాక్టరు. చిలకలూరిపేట స్పిన్నింగ్ మిల్లు బసవపున్నయ్యగారి అబ్బాయి వెంకట సాయీ, ఈ అమ్మాయీ గుంటూరులో ఇంటర్ చదివే రోజుల నుంచీ ఒకరినొకరు ఇష్టపడుతున్నారు. ఆ సంగతి రెండిళ్ళకీ తెలుసు. తెలియనట్టు పెళ్ళిచూపులు పెట్టుకున్నారు, అది మర్యాద. చిక్కేమిటంటే, బసవపున్నయ్యగారు ఎక్కడ కూర్చున్నా తమ తాతగారి దర్జా గురించి గంటకి తగ్గకుండా చెబుతారని పుల్లారావుగారు విన్నారు. ఎదురు చెప్పడానికి ఈయనకి తాత లేడు. ఉన్నాడు గాని, చెప్పుకునే తాత లేడు.

మర్నాటి నుంచీ మార్పులు మొదలయ్యాయి. తలకి ఎర్ర తలపాగా పెట్టాను. గడ్డం తీసేసి మీసం మెలేశాను. చెవికి పోగు కుట్టాను. ఐదు వందల ఏళ్ళు నొప్పి ఎరగని చెవి!

"ఈ చొక్కా మారుద్దామా? మనవాళ్ళు ఇట్టాంటిది తొడిగేవాళ్ళా?" అని అడిగారు.

నా పదకొండు వారాలు కళ్ళ ముందు తిరిగాయి. "అది కాశీ పట్టండీ. జమీందార్లకి తప్ప కుట్టేవాళ్ళు కాదు," అన్నాను. అబద్ధానికి నేను పెట్టిన మొదటి పెట్టుబడి అదే. చొక్కా బతికింది.

"గట్టు మీద ఆ అక్షరాలేంది? టి, వి?"

"గీసినాయన పొడి అక్షరాలండీ."

"చెరిపెయ్. మా తాత కాలంలో టీవీలు లేవు."

"మరి ఆడ నా సంతకం..."

"నువ్వు పుట్టావా అప్పటికి? మద్రాసు నుంచి ఒక దొర వచ్చి గీశాడు. నువ్వు మరమ్మత్తు చేశావు, అంతే!"

నేను తల ఊపాను. ముంతాజ్ ఆ రోజు కూరగాయల బుట్ట తెచ్చి నా ముందు పడేసింది. బొమ్మ కింద ఇంటిపేరుతో సహా ఇత్తడి రేకు బిగించి, బొమ్మని హాల్లో ఎదురుగోడకి ఎక్కించారు. మేకు దిగుతుండగా పుల్లారావుగారి తల్లి మహాలక్ష్మమ్మగారు కర్ర పోటేసుకుంటూ వచ్చింది. ఎనభై ఐదేళ్ళ మనిషి.

"ఎవడ్రా వీడు?"

"మీ మామగారమ్మా," అన్నారు పుల్లారావుగారు.

"మా మామా?" ఆవిడ దగ్గరికి వెళ్ళి, నీలిచేతిని వేలితో పొడిచి చూసింది. "మా మామకి చొక్కా ఏడిదిరా? ఎండాకాలం గోచీ, చలికాలం గొంగడీ. పిడుగురాళ్ళ అవతల నాపరాళ్ళ గనిలో రాళ్ళు కొట్టినోడు. నిన్ను భుజాన ఎక్కించుకోని తిరణాలంతా తిప్పాడు, ఆయన్నే మర్చిపోయావేందిరా?"

పుల్లారావుగారు ఒక్క క్షణం నేల చూశారు. ఆ ఒక్క క్షణం నాకు ఆయన మీద జాలేసింది. తర్వాత ఆయన తలెత్తి, "అమ్మా, పెళ్ళిచూపుల నాడు నువ్వు లోపలి గదిలో ఉండు. దగ్గొచ్చినా బయటికి రాబాక," అన్నారు.

పెళ్ళిచూపుల రోజు నాకు తెల్లచొక్కా కుట్టించి హాల్లో ఒక మూల నిలబెట్టారు. హోదా: చిత్ర పరిరక్షకుడు! ఎవరైనా అడిగితే మద్రాసు దొర కథ చెప్పాలి. రెండు కార్లలో చిలకలూరిపేట వాళ్ళు దిగారు. బసవపున్నయ్యగారు, ఆయన భార్య కృష్ణకుమారిగారు, అబ్బాయి, ఇంకో ఆరుగురు. జీడిపప్పు పకోడీలు వచ్చాయి. బసవపున్నయ్యగారు ఒక పకోడీ నోట్లో పెట్టుకుని తలెత్తారు. పకోడీ అక్కడే ఆగిపోయింది.

"ఈయన..." అన్నారు.

"మా తాతగారండీ!" అన్నారు పుల్లారావుగారు గర్వంగా. "మా నాన్నకి నాన్న. పదహారు గ్రామాల మీద పెత్తనం..."

"ఈయన మా తాతగారు గదండీ!"

బసవపున్నయ్యగారు ఫోన్ తీసి చూపించారు. వాళ్ళ హాలు, వాళ్ళ గోడ, వాళ్ళ తాత. తలపాగా లేదు, నుదుట విభూతి ఉంది. మిగతాదంతా అదే. అదే భుజం, అదే చూపు, అదే నీలిచెయ్యి! కింద అదే సైజు ఇత్తడి రేకు. చిలకలూరిపేట జహీర్ నాకంటే మూడేళ్ళ ముందు శౌరి మాస్టారి దగ్గర నేర్చుకున్నాడు. కాపీ చేసిందీ ఇదే బొమ్మ. కాపీ ఎక్కడికి పోయిందని నేను ఎప్పుడూ అడగలేదు.

ముందుగా తేరుకున్నది కృష్ణకుమారిగారు. వరసలు ఆవిడకి కొట్టిన పిండి.

"అయ్యో రామ! ఇద్దరికీ నాన్నకి నాన్న ఒక్కరే అయితే మీరిద్దరూ అన్నదమ్ములు. పిల్లలిద్దరూ అన్నాచెల్లెళ్ళు!"

కాఫీ ట్రేతో వస్తున్న ఇంద్రజ మధ్యలోనే ఆగిపోయింది. వెంకట సాయి సోఫాలోంచి లేచి నిలబడ్డాడు.

"మరి ఇంటిపేర్లు వేరు గదా?" అన్నారెవరో.

"దత్తత పోయుంటారు," అన్నారు పుల్లారావుగారు.

"అవును, దత్తతే," అన్నారు బసవపున్నయ్యగారు.

ఇద్దరూ ఏకీభవించిన మొదటి విషయం అది! దత్తత పోయినా రక్తం మారదు గదా అన్నారు కృష్ణకుమారిగారు. ఆవిడకి ఈ సంబంధం నిజంగా ఇష్టం. కాసేపు వేళ్ళు ముడిచి లెక్క కట్టి ఒక దారి చెప్పారు.

"మీ ఇద్దర్లో ఎవరో ఒకరు ఆయన్ని అమ్మకి నాన్న అనుకోండి. అప్పుడు మీరిద్దరూ బావాబావమరుదులు. పిల్లలు బావామరదళ్ళు. మేనరికం కిందికి వస్తది. శుభ్రంగా చేసుకోవచ్చు!"

"ఆయనే అనుకోవచ్చుగా?" అన్నారు పుల్లారావుగారు.

"ఆడ రేకు మీద మా ఇంటిపేరుంది," అన్నారు బసవపున్నయ్యగారు.

"ఈడ రేకు మీద మాదుంది!"

ఇంద్రజ ట్రే టీపాయ్ మీద పెట్టేసింది. "నాన్నా, ఆయన మన తాత కాదని ఒక్క ముక్క చెప్పు. నేను ఆస్పత్రిలో రోజూ ఎద్దులకి వంశం రాస్తా. అవి కూడా ఇంత పేచీ పెట్టవు!"

పుల్లారావుగారు కదల్లేదు. వెంకట సాయి వాళ్ళ నాన్న వైపు తిరిగాడు. ఆయన కిటికీలోంచి కొబ్బరిచెట్టుని చూస్తున్నారు. ఇద్దరు పెద్దమనుషులూ కన్నబిడ్డల్ని వదులుకోవడానికి తయారయ్యారు గాని, ముక్కూ మొహం తెలియని ఇటలీవాణ్ణి వదులుకోవడానికి ఒక్కరూ తయారుగా లేరు! ఇంద్రజ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

నేను నోరు తెరిచి ఉండాల్సింది. తెరవలేదు. తెల్లచొక్కా కొత్తది, హోదా కొత్తది. దానికి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

లోపలి గదిలోంచి కర్ర చప్పుడు వినిపించింది.

"వాడు మా మామ కాదు," అంది మహాలక్ష్మమ్మగారు గది గుమ్మంలో నిలబడి. "ఈ సాయిబు గీసిన బొమ్మ అది. మా మామ రాళ్ళు కొట్టినోడు. ఏం, తప్పా? ఆ రాళ్ళ డబ్బుల్తోనేగా వీళ్ళ నాన్నకి మొదటి ఎకరం వచ్చింది!"

బసవపున్నయ్యగారి ముఖంలోకి రంగు తిరిగి వచ్చింది. గొంతు సవరించుకుని, "అంటే, మా తాతగారి బొమ్మని మీరు..." అని మొదలుపెట్టారు.

"ఉండబ్బాయా. నీ తాత పేరేంది?"

"బసవయ్యగారు. పేద్ద..."

"ఏ బసవయ్య? మీది మొదట ఏ ఊరు?"

ఆయన ఊరి పేరు చాలా చిన్నగా చెప్పారు.

"సమ్మెట బసవయ్యా!" ముసలావిడ ముఖం వెలిగిపోయింది. "ఆయన మనవడివా నాయనా నువ్వు? మా మామ ఉలి పట్టుకుంటే మీ తాత సమ్మెటేసేవాడు. పన్నెండేళ్ళు ఒక్క దెబ్బ తప్పలేదయ్యా! మా మామ చెయ్యి నిలిచిందంటే మీ తాత చలవే. నేను గనికాడికి గంజి తీసకపోతే ఇద్దరూ ఒకే ముంతలో తాగేవాళ్ళు. వాళ్ళ బిడ్డల బిడ్డలు కలిసి బతుకుతామంటే ఇంకేం గావాల?"

కృష్ణకుమారిగారు పమిట చెంగుతో కళ్ళు ఒత్తుకుని, లేచి వెళ్ళి ముసలావిడ కాళ్ళకి దణ్ణం పెట్టారు. వెంకట సాయి ఇంద్రజని చూసి నవ్వేశాడు. పావుగంటలో తాంబూలాలు మార్చుకున్నారు.

కథ ఇక్కడ అయిపోతే మనుషులు మారిపోయారని మీరనుకుంటారు. భోజనాలయ్యాక పెద్దలిద్దరూ మేడ మీద గదిలో తలుపేసుకుని ఒక ఒప్పందానికి వచ్చారు. బొమ్మలో ఉన్నది ఎవరి తాతా కాదు, ఒక దొర. ఇద్దరు తాతలూ ఆ దొరగారి ఎస్టేటులో దివాన్లు. బసవపున్నయ్యగారి కాపీని గోడ మీంచి దించి అటక మీద పడేస్తారు. పుల్లారావుగారి కాపీలో దొరకి తలపాగా బాగుండదు గనక నేను తీసెయ్యాలి!

తీసేశాను. చెవిపోగు పోయింది, గడ్డం తిరిగి వచ్చింది. వాళ్ళు అబద్ధం మార్చుకున్నారు గాని, నా బొమ్మ మాత్రం టిషియన్ గీసినట్టే తయారైంది. ఈసారి సంతకం అడిగాను. "దొర బొమ్మకి ఎవరి సంతకముంటే ఏందిలే," అన్నారు పుల్లారావుగారు. నాకు అంతకంటే ఏం కావాలి? గట్టు మీద నా పేరు రాసుకున్నాను. ఆ సంతోషంలో కొత్త రేకు నేనే రాశాను, ఆయన చదవకుండానే బిగించారు. "ఇటలీ దేశపు పెద్దమనిషి. అసలు: టిషియన్. నకలు: ఇక్బాల్, నరసరావుపేట."

పెళ్ళి ఫంక్షన్ హాల్లో, రెండు వేల మంది వచ్చారు. ముఖద్వారం దగ్గర పన్నీరు చల్లే చోట బొమ్మని బంతిపూల దండతో నిలబెట్టారు. శౌరి మాస్టారు, నేను పక్కనే కుర్చీల్లో కూర్చున్నాం. నా సంతకం ఎవరైనా చదువుతారేమోనని నా ఆశ.

చదివారు! గురజాల వాళ్ళు కారు దిగారు, నవ్వుతూ వచ్చారు, బొమ్మని చూశారు, రేకు చదివారు, నవ్వు ఆగిపోయింది. వినుకొండ నుంచి వచ్చిన కాంట్రాక్టరుగారు కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. మాచర్ల వాళ్ళు ఏడుగురు ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా వరసగా లోపలికి వెళ్ళిపోయారు. ఏం జరుగుతోందో నాకు అర్థం కాలేదు.

"మాస్టారూ, ఇప్పటిదాకా మీ దగ్గర ఎంతమంది నేర్చుకున్నారు?"

"నలభై మంది ఉంటారు," అన్నారాయన తాంబూలం నములుతూ. "అందరూ ఈ బొమ్మే. ఒక్కళ్ళ ఇంట్లో కూడా కాపీ మిగల్లేదయ్యా, అదేందో!"

అప్పుడే గురజాల వీరరాఘవమ్మగారు వెనక్కి తిరిగి వచ్చారు. డెబ్భై ఏళ్ళ పెద్దావిడ, మెడలో కాసులపేరు. ఆ చుట్టుపక్కల ఆవిడ మాటకి ఎదురు లేదు. నన్ను వేలితో పిలిచి స్తంభం చాటుకి తీసుకెళ్ళారు.

"ఈ రేకు రాసింది నువ్వేనా?"

"నేనేనమ్మా. తప్పేమన్నా ఉందా?"

"మా హాల్లో ఉన్నదెవరనుకున్నావు? ఈయనే. మా మామగారని చెప్పుకుంటన్నాం. మా మనవరాల్ని మాచర్ల ఇచ్చాం. పెళ్ళిచూపులకి పోతే వాళ్ళ హాల్లోనూ ఈయనే ఉన్నాడు, వాళ్ళ తాతంట! నేను చూశా. నేను చూడటం మా వియ్యపురాలు చూసింది. వాళ్ళు మా ఇంటికొచ్చి మా గోడా చూశారు. ఒక్కళ్ళన్నా నోరెత్తితే ఒట్టు! పకోడీ తిన్నాం, ముహూర్తం పెట్టుకున్నాం. ఆరేళ్ళయింది, ఇద్దరు పిల్లలు, బంగారం లాంటి కాపరం."

"మంచిదేగదమ్మా," అన్నాను.

"ఏం మంచిది? ఇప్పుడు మీ పుల్లారావు రేకు కొట్టించి ఊరందరికీ చదివిచ్చాడు!" ఆవిడ పెళ్ళిపందిరి వైపు చూసి, నిజంగా బాధపడుతూ తల అడ్డంగా ఊపారు. "వరస కుదరకపోతే నిజం చెప్పుకోని పెళ్ళి చేసుకున్నారంట గదయ్యా. సిగ్గూ శరం లేదు. ఇట్టాంటి ఇంటికి పిల్లాడిని ఎట్టా ఇచ్చారో ఆ చిలకలూరిపేట వాళ్ళు!"